సౌదీకి పోయే చెల్లెకు చెప్పిన మాటలు

1989లో బొంబాయిలో విమానమెక్కి దహ్రాన్‌లో దిగినప్పుడు ఆ దేశం గురించి నాకు ఒక్క ముక్క చెప్పినవాళ్లు లేరు. దమ్మాంలో, రియాద్‌లో ముప్పై ఏళ్లకు పైగా ఏసీ మెకానిక్‌గా పనిచేసి 2020లో జగిత్యాల దగ్గరి మా ఊరికి తిరిగొచ్చాను. ఇప్పుడు మా చెల్లె, బావ ఫ్యామిలీ విజిట్ వీసా మీద రియాద్‌లో ఉన్న కొడుకు దగ్గరికి పోతున్నారు. 2019 సెప్టెంబరులో టూరిస్టు వీసాలు మొదలయ్యాక ఊరికే చూసిరావడానికి పోయేవాళ్లూ ఉన్నారు. పనికి పోయినవాడికి క్యాంపులో పాతవాళ్లు నాలుగు మంచీచెడూ చెప్తారు. చుట్టపుచూపుగా పోయేవాళ్లకు ఆ అండ ఉండదు. అందుకే చెల్లె బ్యాగు సర్దే రోజు పోయి పక్కన కూర్చున్నాను.

1. గసాలు వద్దు. చెల్లె కొడుకు కోసం మసాలా నూరి డబ్బాకెత్తింది. గసాలు వేశావా అని అడిగాను. "గసాలు లేని కోడికూర ఏం కూరన్నా?" అన్నది. గసగసాలు నల్లమందు మొక్క గింజలు. మన కిరాణా కొట్లో తూచి ఇచ్చే ఈ సరుకు సౌదీలోనే కాదు, దుబాయ్, ఖతార్‌లలో కూడా నిషిద్ధం. అక్కడ దాన్ని మత్తుపదార్థాల లెక్కలో వేస్తారు. కూరలోకి తెచ్చుకున్నానని కస్టమ్స్ వాళ్లకు తెలుగులో చెప్పుకోలేం. పొడిలో కలిసినా గింజ గింజే. డబ్బా మొత్తం పక్కన పెట్టించాను.

2. మందులు చీటీతోనే. బావకు మోకాళ్ల నొప్పి, నిద్ర పట్టదు. మా ఊరి ఆర్‌ఎంపీ గోలీలను షీటు నుంచి కత్తిరించి కాగితంలో పొట్లం కట్టిస్తాడు. ఆ పొట్లం అక్కడ పనికిరాదు. ట్రమడాల్, కోడీన్ ఉన్న నొప్పి మందులు, ఆల్‌ప్రజొలాం లాంటి నిద్రగోలీలు అక్కడ గట్టి నియంత్రణలో ఉన్నాయి. బావను జగిత్యాలలో పెద్ద డాక్టరు దగ్గరికి తీసుకుపోయి, మందు పేరు, జబ్బు పేరు, రోజుకెన్ని వేసుకోవాలో ఇంగ్లిషులో రాయించాను. ఆ రకం మందు తప్పనిసరైతే ముందుగా అనుమతి తీసుకోవాలి. లేదంటే డాక్టరుతో వేరే మందుకు మార్పించుకోవాలి. మేం మార్పించుకున్నాం.

3. తేదీ లెక్క. అప్పట్లో మా అకామాల (అక్కడ ఉండటానికిచ్చే కార్డుల) మీద తేదీలు హిజ్రీలోనే ఉండేవి. హిజ్రీ సంవత్సరం చంద్రుడి లెక్క, 354 రోజులో 355 రోజులో ఉంటుంది. మన ఏడాది నిండకముందే, ఓ 11 రోజుల ముందు అక్కడి ఏడాది అయిపోతుంది. నా గదిలో ఉన్న కరీంనగర్ అతను ఇంగ్లిషు క్యాలెండరు నమ్ముకుని గడువు దాటించి, జరిమానా కట్టడానికి అప్పు చేశాడు. విజిట్ వీసాకు ఇంకో మెలిక ఉంది. వీసా చెల్లే కాలం వేరు, ఒకసారి దిగితే ఉండగల రోజులు వేరు. ఏడాది వీసా ఉంది కదా అని ఏడాది పొడుగునా కూర్చోకూడదు. దిగిన రోజే మేనల్లుడితో ఆఖరి తేదీ చూపించి గోడ క్యాలెండరులో గుర్తు పెట్టమన్నాను.

4. చీర. పరాయి దేశపు ఆడవాళ్లు అబాయా (ఒళ్లంతా కప్పే వదులు గౌను) వేసుకు తీరాలన్న పట్టు ఇప్పుడు లేదు. కానీ భుజాలు, మోకాళ్లు కప్పి ఉండాలి. చీరలో నడుము కనబడుతుంది కాబట్టి పైన ఒక అబాయా వేసుకుంటే చెల్లెకే నెమ్మది.

5. ఫోన్. మా క్యాంపు పిల్లగాడొకడు ఇంటికి పంపడానికని రోడ్డు మీద ఫొటో దిగాడు. వెనక ఉన్నది సర్కారు భవనమని వాడికి తెలియదు. రెండు రాత్రులు ఠాణాలో ఉన్నాడు. సర్కారు, సైన్యం భవనాలను ఫొటో తీయొద్దు. అక్కడి ఆడవాళ్లను, అసలు ఎవరినైనా అడగకుండా తీయొద్దు. అంతకంటే నాకు భయం వాట్సాప్ గురించి. 2007 నాటి సైబర్ చట్టం కింద మత విలువలకు, ప్రజాశాంతికి భంగమనిపించే రాతకు అయిదేళ్ల దాకా జైలు, 30 లక్షల రియాళ్ల దాకా జరిమానా పడొచ్చు. మన ఊరి గ్రూపుల్లో మతాల మీద వచ్చే వీడియోలు బావ చదవకుండానే ముందుకు తోస్తాడు. ఆ గ్రూపుల నుంచి ఆయన్ను నా చేతులతోనే బయటికి తెచ్చాను.

6. రంజాన్. ఆ నెలలో పగలు అందరి ముందు తినడం, నీళ్లు తాగడం, పొగ తాగడం ముస్లిం కానివాళ్లకూ తప్పే. ఎండలో ఏసీ డబ్బాలెత్తి గొంతు ఎండిపోయినా గదిలోకి పోయి తలుపేసుకుని తాగేవాళ్లం. అయినా నాకు ఆ నెల ప్రేమగానే గుర్తుంది. పొద్దుగూకే వేళ మసీదు ముందర పరదాలు పరిచి ఖర్జూరాలు, లబన్ (మజ్జిగ), కబ్సా (మాంసం కలిపిన అన్నం) పెట్టేవారు. నీది ఏ మతమని నన్ను ఎవరూ అడగలేదు. పక్కన కూర్చున్న ముసలాయన తన పళ్లెంలోని మాంసం ముక్క నా వైపు జరిపేవాడు. ఆ దేశమంటే జైళ్లు, కొరడాలే అనుకునే మన వాళ్లకు ఇది కూడా చెప్పాలి. బావకు రోజూ దేవుడికి దండం పెట్టుకోవడం అలవాటు. గదిలో మనసులో మొక్కుకుంటే ఎవరూ అడ్డు రారు. పదిమందిని పిలిచి పూజ, భజన పెట్టుకోవడం మాత్రం అక్కడ కుదరదు.

7. మక్కా దారి. కారులో తాయిఫ్ మీదుగా జిద్దాకు పోతే ముస్లింలకు ఒక దారి, కానివాళ్లకు చుట్టుదారి అని బోర్డులు కనబడతాయి. మక్కాలోకి ముస్లిం కానివాళ్లు పోకూడదు. మదీనాలో ప్రవక్త మసీదు ఉన్న హరంలోకీ అంతే. ఫోన్‌లో మ్యాపు దగ్గరి దారి చూపిస్తే దాని మాట వినొద్దని అల్లుడికి చెప్పాను.

8. తాగుడు. మద్యం 1952 నుంచి నిషేధం. ఎవడో చాటుగా కాచిన సిద్దిఖీ సారా పోస్తానంటే అక్కడి నుంచి లేచి రావాలి.

9. సంతకం. చదవలేని అరబీ కాగితం మీద సంతకం గాని వేలిముద్ర గాని వేయొద్దు. తెలిసిన భాషలో చెప్పేవాళ్లను పిలవమని అడగాలి. భారత రాయబార కార్యాలయం రియాద్‌లోనే ఉంది, జిద్దాలో కాన్సులేట్ ఉంది. రియాద్‌లో ఆపదకు 911, అంబులెన్సుకు 997. ఇవీ, అల్లుడి ఇంటి చిరునామా అరబీలో రాసిందీ ఒక కాగితం మీద పెట్టి చెల్లె పర్సులో ఉంచాను. పాస్‌పోర్టు నకలు ఇంకో సంచిలో పెట్టించాను.

10. ఇతరుల పొట్లం. ఇది నాకు కడుపులో ఉన్న బాధ. ఊళ్లో ఒకరు సౌదీకి పోతున్నారంటే పది ఇళ్ల నుంచి పొట్లాలు వస్తాయి. మా పక్క క్యాంపులో ఒకడు అట్లా తెచ్చిన స్వీటు డబ్బా అడుగున ఏముందో విమానాశ్రయంలో వాళ్లు విప్పితేనే తెలిసింది. ఇచ్చినవాడు నాకు తెలియదన్నాడు. పిల్లగాడు ఏళ్లు జైల్లో ఉన్నాడు. మేం కొన్నాళ్లు పోయి చూసొచ్చాం, తర్వాత వేరే ఊరికి మార్చారు. మత్తుమందుల రవాణాకు అక్కడ మరణశిక్ష ఉంది. మధ్యలో కొన్నాళ్లు ఆపి 2022 నవంబరు నుంచి మళ్లీ అమలు చేస్తున్నారు.

మొన్న సాయంత్రం వెనక వీధి ఇల్లాలు దమ్మాంలో ఉన్న కొడుకుకని తొక్కు సీసా, కడుపునొప్పి గోలీలు తెచ్చింది. చెల్లె మొహమాటపడి చేయి చాపింది. నేను అడ్డుపడ్డాను. ఆమె కళ్లల్లో నీళ్లు తిరిగాయి. కూర్చోబెట్టి, గోలీల పేరు కాగితం మీద రాసుకుని, ఆమె ముందే కొడుకుకు ఫోన్ కలిపాను. అదే మందు వాళ్ల గది కింది ఫార్మసీలో ఉందట. ఆమె తొక్కు సీసా మా ఇంట్లోనే పెట్టి, అన్నం తినేటప్పుడు వేసుకోమని చెప్పి పోయింది.