కప్లింగ్ ఫ్లాంజి కొలత ఎలా తేల్చాలి?

ఈ సంచిక చదివే దాతల్లో మార్కాపురం పలకల ఫ్యాక్టరీల వారు, గిద్దలూరు వైపు మోటార్లు, పంపులు నడిపేవారు ఉన్నారు. అందుకే ఈ ఏడాది పాఠానికి కప్లింగ్‌ను ఎంచుకున్నాం.

రాయి కోసే మిషన్ దగ్గర పనిచేసే మా పాత విద్యార్థి ఒకడు తెగిన బోల్టు తెచ్చి చూపాడు. మోటారు పక్క ఉన్న కప్లింగ్ సైజునే గేర్‌బాక్సు అవతల కూడా వేశారట. తెగిన ముక్క ఎగిరి గోడకు తగిలింది. ఆ దారిలో మనిషి ఉండి ఉంటే ఏమయ్యేదో చెప్పనక్కర్లేదు. "మోటారు అదే కదా సార్, ఐదు హార్స్‌పవరే" అన్నాడు వాడు.

పొరపాటు అక్కడే ఉంది. ఫ్లాంజి మోసేది హార్స్‌పవర్‌ను కాదు, తిప్పే బలాన్ని, అంటే టార్క్‌ను. ఐదు హార్స్‌పవర్ అంటే సుమారు 3,730 వాట్లు. నిమిషానికి 1,440 చుట్లు తిరిగే మోటారు షాఫ్టు మీద టార్క్ దాదాపు 25 న్యూటన్ మీటర్లే. గేర్‌బాక్సు ఆ వేగాన్ని 144 చుట్లకు తగ్గిస్తే అదే మోటారు 247 న్యూటన్ మీటర్లు మోపుతుంది. వేగం పదో వంతైతే బలం పదింతలు. (గేర్లలో పోయే కొద్దిపాటి నష్టాన్ని వదిలేశాం.)

రాయి కోతలో కుదుపులు ఉంటాయి కనుక టార్క్‌ను రెట్టింపు చేసి లెక్కిస్తే, మామూలు స్టీలుకు షాఫ్టు వ్యాసం 40 మిల్లీమీటర్లు వస్తుంది. కీ గాడి తీస్తే షాఫ్టు బలం తగ్గుతుంది, కాబట్టి 45 తీసుకుందాం. ఇక ఫ్లాంజి కొలతలన్నీ ఈ 45 నుంచే పుడతాయి. హబ్ వ్యాసం రెండింతలు, 90. హబ్ పొడవు ఒకటిన్నర రెట్లు, 68. బోల్టుల వలయం మూడింతలు, 135. ఫ్లాంజి బయటి వ్యాసం నాలుగింతలు, 180. మందం సగం, 23. షాఫ్టు 40 వరకైతే మూడు బోల్టులు చాలు, అది దాటి 100 వరకు నాలుగు వేయాలి.

నాలుగు బోల్టులూ సమానంగా పంచుకుంటే ఒక్కోదానిపై సుమారు 1,830 న్యూటన్లు పడుతుంది. లెక్క ప్రకారం 8 మిల్లీమీటర్ల బోల్టు సరిపోతుంది, మేమైతే 10 వేయమంటాం. రంధ్రం వదులుగా ఉంటే భారమంతా ఒకటి రెండు బోల్టుల మీదే పడుతుంది. మర ఉన్న భాగం రెండు ఫ్లాంజిల కీలు దగ్గరకు రాకూడదు. బోల్టు తలలు బయటికి పొడుచుకు రాకుండా అంచు ఉన్న ఫ్లాంజి అయితే లుంగీ, చున్నీ చిక్కుకునే ప్రమాదం తగ్గుతుంది. పైన గార్డు ఎలాగూ ఉండాలి.

వాడు ఈ కొలతలన్నీ ఒక విరిగిన పలక మీద రాసుకుని లేత్ షాపుకు వెళ్ళాడు.