ఫిష్ ఫైండరు ఆగిపోయినచో విద్యుల్లోపమును కనుగొను విధము

నెల్లూరు తీరమున ఇస్కపల్లి, జువ్వలదిన్నె, తుమ్మలపెంట, మైపాడు మొదలగు గ్రామములలో సేద్యముతోబాటు వేటపడవలయందు భాగము గల రైతులు కలరు. చేపలు దొరకు తావులను గూర్చి హైదరాబాదునందలి ఇన్‌కాయిస్ సంస్థ సూచనల నొసగుచున్నను, ఆ తావు చేరిన పిదప నీటి లోతును, చేపల గుంపును చూపునది ఫిష్ ఫైండరే. అది నడిసముద్రమున ఆగిపోయినచో యంత్రమే చెడినదని తలచి మరమ్మతునకు పంపుటయో, క్రొత్తది కొనుటయో పరిపాటియైనది. కాని పెక్కుసార్లు లోపము యంత్రమునందు గాక, దానికి శక్తినందించు మార్గమునందే యుండును. రేడియోకును, పడవదీపములకును శక్తి ఆ బ్యాటరీనుండియే పోవుచుండిన, ఈ విషయము లాభమునకే గాక ప్రాణరక్షణకును సంబంధించినది.

యంత్రము పనిచేయు తీరు

పడవ అడుగున నమర్చిన పరికరము నీటిలోనికి ధ్వనిని పంపి ప్రతిధ్వనిని గ్రహించును. సముద్రజలమున ధ్వని సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోవును. సెకనులో పదవవంతున ప్రతిధ్వని తిరిగివచ్చినచో, రాకపోకల దూరము 150 మీటర్లు. లోతు 75 మీటర్లు. ధ్వనిని పంపుటకు శక్తి వలయును. శక్తి చాలనిచో యంత్రము ఆగి మరల మొదలగుచుండును. పలుయంత్రములు సుమారు 10 వోల్టులకు దిగువ పనిచేయవు. సరియైన హద్దు యంత్రముతో వచ్చిన పుస్తకమున నుండును.

చెరువు, తూము, మడి

రైతులకు దీనిని బోధించుట సులభము. బ్యాటరీ చెరువు, తీగె కాలువ, యంత్రము మడి. కాలువ నడుమ పూడినను, మడివద్ద గండి మూసియున్నంతవరకు నీరు మెల్లగ నిండి మట్టము సరిగనే కనబడును. గండి తెరిచినప్పుడే కొరత తెలియును. తీగెల అతుకులలో చిలుము పట్టినప్పుడును ఇట్లే జరుగును. యంత్రము నడువనప్పుడు మీటరు 12.5 వోల్టులు చూపును. చిలుముపట్టిన అతుకునందు 2 ఓముల నిరోధమున్నచో, యంత్రము 1 ఆంపియరు తీసికొన్నంతనే 2 వోల్టులు అచ్చటనే నష్టమగును. కావున యంత్రము నడుచుచుండగనే కొలువవలెను. ఇదియే ఈ పాఠమునకు ప్రాణము.

పరీక్షాక్రమము

1. బ్యాటరీని కొన్ని గంటలు ఊరకయుంచి కొలువుడు. 12.6 వోల్టులున్న నిండుగ నున్నది; 12.2 అయిన సుమారు సగము. 12కు దిగువ నున్న వేటకు తీసికొనిపోరాదు.

2. యంత్రమును నడుపుచు బ్యాటరీవద్దను, యంత్రపు ప్లగ్గువద్దను కొలువుడు. రెంటికిని భేదము అర వోల్టునకు మించినచో దోషము మార్గమునందున్నది.

3. మీటరు ఒక కొనను బ్యాటరీ ధనధ్రువముపైనను, రెండవదానిని యంత్రమువద్ద ధనతీగెపైనను ఉంచుడు. అట్లే ఋణతీగెను చూడుడు. ఎచ్చట వోల్టులు కనబడునో ఆ తీగెలోనే నష్టము. పిమ్మట ఒక్కొక్క అతుకునే దాటుచు పోయిన, దోషస్థానము తేలును.

4. మీటరు లేనివారు మోటారుసైకిలు మలుపుదీపమున వాడు 12 వోల్టుల, 10 వాట్ల బల్బును బ్యాటరీవద్దను, తీగె చివరను వెలిగించి చూడవలెను. చివర కాంతి తగ్గినచో కాలువ పూడినట్లే.

5. ఇంజను స్టార్టు చేయునప్పుడు మాత్రమే యంత్రము ఆగినచో, బ్యాటరీ బలహీనమైనదో, స్టార్టరు తీగెతో యంత్రమును కలిపినారో చూడవలెను. యంత్రమునకు బ్యాటరీనుండి వేరుతీగె ఉండుట మేలు.

దోషనివారణ

ముందుగ ఋణతీగెను ఊడదీయవలెను. బ్యాటరీవద్ద బీడీ, చుట్ట కాల్చరాదు. దానినుండి వెలువడు హైడ్రోజను మండు వాయువు. ధ్రువములపై పిండివలె పేరుకొన్నదానిని వంటసోడా కలిపిన నీటితో కడిగి, మంచినీటితో తుడిచి, ఆరిన పిదప బిగించి వాజెలిను పూయవలెను. సోడానీరు బ్యాటరీలోనికి పోరాదు. నల్లబడిన తీగెను మెరుగు రాగి కనబడువరకు కోసివేయవలెను. కళాయి పూసిన రాగితీగె ఉప్పుగాలికి ఎక్కువకాలము నిలుచును. చేతితో మెలివేసి టేపు చుట్టిన అతుకులోనికి ఉప్పునీరు చేరును. కావున అతుకును గట్టిగ నొక్కి, నీరు చొరని తొడుగు వేసి, పడవ అడుగునీటికి పైన కట్టవలెను.

ఫ్యూజు ధనతీగెపై బ్యాటరీకి సమీపముననే యుండవలెను. అది మాటిమాటికి కాలిపోయినచో తీగె ఎచ్చటనో ఒరసికొని కలియుచున్నదని గ్రహింపవలెను. దానికి మారుగ పెద్ద ఫ్యూజుగాని, రాగిపోగుగాని వేయుట పడవకు నిప్పు తెచ్చుకొనుటయే.

తూర్పుతీరమున ఏప్రిలు 15 మొదలు జూను 14 వరకు వేట నిషేధింపబడు 61 దినములు ఈ పనికి తగిన కాలము. ఒక మీటరును, నొక్కుపటకారును పదిపడవలవారు కలిసి కొనుక్కొనిన, ఒక్కొక్కరిపై పడు భారము స్వల్పము. వేటకు పోవునపుడు పడవలో రెండు ఫ్యూజులును, బల్బును ఉంచుకొనుట మరువరాదు.