సైకిల్ స్టెమ్: చిన్న ముక్క, పెద్ద లెక్క

ఖతార్‌లో వేసవిలో సైకిల్ తొక్కాలంటే తెల్లవారకముందే బయల్దేరాలి. దోహా నుంచి అల్ ఖోర్ దాకా 2020లో ప్రారంభించిన సైకిల్ దారి సుమారు 33 కిలోమీటర్లు. ఉత్తరం వైపు వెళ్ళేటప్పుడు తరచు షమాల్ గాలి ఎదురొస్తుంది కాబట్టి గంటకు పైగా వంగి తొక్కాల్సిందే. రెండేళ్ళ క్రితం ఒక శుక్రవారం అలా తొక్కి వచ్చాక నా కుడిచేతి చిటికెనవేలు, ఉంగరంవేలు మొద్దుబారాయి. ఆదివారం ఆఫీసులో ఎంటర్ కీ కొట్టాలన్నా తడుముకోవలసి వచ్చింది. కీబోర్డు మీద బతికేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు.

అరచేతి అంచున ఉండే అల్నార్ నాడి మీద ఒత్తిడి పడితే సరిగ్గా ఆ రెండు వేళ్ళే తిమ్మిరెక్కుతాయి. "హ్యాండిల్ దూరమైంది, పొట్టి స్టెమ్ వేసుకో" అన్నారు మిత్రులు. 110 మి.మీ. స్టెమ్ తీసేసి 70 వేయించాను. తిమ్మిరి తగ్గలేదు సరికదా, హ్యాండిల్ చీటికీమాటికీ తిరగడం మొదలైంది. అప్పుడు కాగితం తీసి లెక్క వేశాను.

అసలు స్టెమ్ అంటే?

ఫోర్కు నుంచి పైకి వచ్చే గొట్టం స్టీరర్. దాన్నీ హ్యాండిల్‌నీ కలిపే ముక్క స్టెమ్. మన ఊళ్ళలోని పాతకాలం హీరో, అట్లాస్ సైకిళ్ళకు ఈ రెండూ ఒకే ముక్క. పైనున్న బోల్టు వదులు చేసి ఎత్తు మాత్రం మార్చేవాళ్ళం. ఇప్పటి చాలా రోడ్ సైకిళ్ళకు స్టెమ్ విడిగా వస్తుంది. కొనేముందు నాలుగు కొలతలు చూడాలి. పొడవు, అంటే స్టీరర్ మధ్య నుంచి హ్యాండిల్ మధ్య వరకు. కోణం, ఎక్కువగా 6 లేదా 7 డిగ్రీలు. హ్యాండిల్ పట్టే చోట వ్యాసం, ఇప్పుడు ఎక్కువగా 31.8 మి.మీ., పాతవాటికి 25.4 లేదా 26. స్టీరర్ వ్యాసం, ఎక్కువగా 28.6. ఈ చివరి రెండూ సరిపోకపోతే బిగించనే కూడదు.

పదో తరగతి లెక్క

స్టీరర్ నిటారుగా ఉండదు. రోడ్ సైకిళ్ళలో నేలతో దాదాపు 73 డిగ్రీల కోణంలో వెనక్కి వాలి ఉంటుంది. అందుకని సున్నా డిగ్రీల స్టెమ్ కూడా 17 డిగ్రీలు పైకి చూస్తుంది. మైనస్ 6 స్టెమ్ 11 డిగ్రీలు పైకి, అదే తిరగేసి బిగిస్తే 23 డిగ్రీలు. పొడవును కొసైన్‌తో గుణిస్తే ముందుకు ఎంత దూరమో, సైన్‌తో గుణిస్తే ఎంత ఎత్తో వస్తుంది.

100 మి.మీ. స్టెమ్ మైనస్ 6లో 98 ముందుకు, 19 పైకి. తిరగేస్తే 92 ముందుకు, 39 పైకి. అంటే పైసా ఖర్చు లేకుండా హ్యాండిల్ 20 మి.మీ. లేచి, 6 మి.మీ. దగ్గరైంది. నేను చేసినట్టు మైనస్ 6లోనే 110 నుంచి 70కి వస్తే 39 మి.మీ. దగ్గరవుతుంది కానీ, ఎత్తు 8 మి.మీ. తగ్గుతుంది! స్టెమ్ కింద 10 మి.మీ. స్పేసర్ చేరిస్తే హ్యాండిల్ దాదాపు 10 లేచి, 3 దగ్గరవుతుంది.

బగ్ ఎక్కడుంది?

నా అసలు సమస్య సీటులో ఉంది. దాని ముక్కు కిందకి వాలి ఉండటంతో ఒళ్ళు ముందుకు జారి, బరువు అరచేతుల మీద పడుతోంది. ఒక మాడ్యూల్‌లో బగ్ ఉంటే ఇంకో మాడ్యూల్‌కి ప్యాచ్ వేశానన్నమాట.

సీటును పెడల్స్‌ని బట్టి సర్దుకోవాలి. హ్యాండిల్ దూరమైందని ముందుకు జరపకూడదు. సీటు కుదిరాకే స్టెమ్ వంతు. మోచేతులు కాస్త వంగి, భుజాలు వదులుగా ఉంటే కొలత కుదిరినట్టే. చేతులు కర్రల్లా చాచాల్సి వస్తే 10 మి.మీ. తగ్గించండి. మోకాళ్ళు మోచేతులకు తగిలేంత ఇరుకైతే పెంచండి. ఒకసారికి ఒక్కటే మార్చి, రెండు మూడు రైడ్లు చూడండి. "హ్యాండిల్ చాటున ముందు చక్రం హబ్ దాగితే సరైన సైజు" అనే చిట్కాని నమ్ముకోవద్దు. వంగే తీరును బట్టీ, ఫ్రేమ్ కోణాన్ని బట్టీ అది మారిపోతుంది. 30, 40 మి.మీ. తేడా కావలసి వస్తే తప్పు బహుశా ఫ్రేమ్ సైజుదే.

బిగించేటప్పుడు

ముందు పైమూత బోల్టును బేరింగుల వదులు పోయేవరకే బిగించాలి. హ్యాండిల్ చక్రానికి సూటిగా ఉందో లేదో చూసి, పక్క బోల్టుల్ని ఒకదాని తర్వాత ఒకటి కొద్దికొద్దిగా బిగించాలి. స్టెమ్ మీద రాసిన టార్క్ (తరచు 5 న్యూటన్ మీటర్లు) దాటకూడదు. కార్బన్ భాగాలైతే టార్క్ రెంచి తప్పనిసరి. చివరగా ముందు బ్రేకు పట్టి సైకిల్‌ని ముందుకీ వెనక్కీ ఊపండి. టక్కుటక్కుమంటే మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టాలి.

నేను సీటు మట్టం చేసి, 100 మి.మీ. స్టెమ్‌ని తిరగేసి బిగించాను. నెల తిరక్కుండానే తిమ్మిరి పోయింది. మీకు పోకుండా వారాల తరబడి ఉంటే మాత్రం రెంచి పక్కనపెట్టి డాక్టర్ని కలవండి. ఆ 70 మి.మీ. స్టెమ్ ఇంకా మా ఇంటి అలమరలోనే ఉంది, లెక్క వేయకుండా కొన్నందుకు గుర్తుగా.