పాత ట్రాక్టరు ఇంజనులో తీవ్ర నష్టం: రైతు స్థాయిలో నిర్ధారణ, మరమ్మతు

సారాంశం

పాత ట్రాక్టరు ఇంజను దమ్ము సమయంలో దెబ్బతిన్నప్పుడు విడిభాగాలు మార్చడం కంటే నష్టానికి మూలకారణం కనుగొనడమే ముఖ్యం. ఇంజను విప్పక ముందు చేయదగిన సులభ పరీక్షలు, విప్పిన తరువాత తీసుకోవలసిన కొలతలు, రైతు స్వయంగా చేసుకోదగిన పనులు, లేత్ షాపుకు అప్పగించవలసిన పనులు ఈ వ్యాసంలో వివరించబడినవి. శీతలీకరణకు వాడే బోరు నీరు, గాలితో ప్రవేశించే చల్కా నేలల ధూళి అనే రెండు కారణాలకు ప్రత్యేక ప్రాధాన్యం ఇవ్వబడినది.

ఉపోద్ఘాతం

ఉమ్మడి వరంగల్ జిల్లాలో యాసంగి వరి శ్రీరాంసాగర్ కాకతీయ కాలువ కింద, పాఖాల, రామప్ప, లక్నవరం వంటి చెరువుల కింద, బోరుబావుల కింద సాగవుతుంది. నీటి వనరు ఏదైనా దమ్ముకు (కరిగెట్టుకు) ఆధారం ట్రాక్టరే. ఇనుప చక్రాలతో బురదలో గంటల తరబడి పూర్తి భారంపై నడవడం ఇంజనుకు ఏడాదిలోకెల్లా కఠినమైన పని. అందువల్ల ఏళ్లుగా దాగి ఉన్న లోపం కూడా సరిగ్గా ఆ సమయంలోనే బయటపడుతుంది.

ఆ సమయంలో ట్రాక్టరు ఆగితే నష్టం ట్రాక్టరుకే పరిమితం కాదు. నారు మడిలోనే ముదిరిపోతుంది. ముదురు నారు నాటితే పిలకలు తగ్గుతాయి. నాట్లు ఆలస్యమైతే పూత దశ వేసవి ఎండల్లో పడుతుంది. పూత సమయంలో ఉష్ణోగ్రత 35 డిగ్రీల సెల్సియస్ దాటితే పరాగ సంపర్కం దెబ్బతిని తాలు గింజలు పెరుగుతాయి. సస్యశాస్త్ర దృష్టితో చూసినా ఇంజను ఆరోగ్యం దిగుబడికి సంబంధించిన అంశమే.

ఒక అనుభవం

మా కుటుంబ పొలంలోని పాత మూడు సిలిండర్ల ట్రాక్టరు ఒక జనవరిలో దమ్ము మధ్యలో ఆవిరి కక్కి ఆగిపోయింది. డిప్ స్టిక్ తీసి చూస్తే ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉన్నది. ఒక వర్క్‌షాపులో హెడ్ గాస్కెట్ మార్చి, కొత్త ఆయిల్ పోసి పంపించారు. నాలుగు రోజులకే ఆయిల్ మళ్లీ తెల్లబడింది. ఈసారి ఇంజను పూర్తిగా మార్చుకోవడమే మార్గమన్నారు.

ఆ మాట వినక ముందు ఒక పరీక్ష చేయవలసి ఉండెను. గ్రామంలోని అనుభవజ్ఞుడైన మెకానిక్ సహాయంతో మేము ఇంజను కింది ఆయిల్ ఛాంబరు విప్పి, రేడియేటరు నిండా నీరు పోసి, కింద పొడి అట్టముక్కలు పరచి రాత్రంతా వదిలివేశాము. తెల్లవారేసరికి రెండవ సిలిండరు కింది అట్ట మాత్రమే తడిసి ఉన్నది. నీటి బొట్లు లైనరు లోపలి గోడ నుంచి కాక, లైనరు అడుగు అంచు వెలుపలి నుంచి దిగుతున్నవి. అనగా గాస్కెట్‌ది తప్పు కాదు; లైనరు అడుగున నీటిని ఆపే రబ్బరు రింగు వద్ద లోపం ఉన్నది. లైనరు బయటికి తీయగా దాని చుట్టూ తెల్లటి గట్టి పొర, రింగు కూర్చునే చోట తుప్పు తిన్న గుంటలు కనిపించాయి. ఏళ్ల తరబడి రేడియేటరులో పోసినది మా బోరు నీరే. డ్రిప్పర్లను మూసివేసే తెల్లపొర ఏదో, ఇంజనును లోపల చుట్టుముట్టినదీ అదే. పంటకు నీటి పరీక్ష చేయించమని రైతులకు చెప్పే నేను ఇంజనులో పోసే నీటిని ఏనాడూ పరీక్షించలేదు.

మూలకారణాలు రెండు

మొదటిది నీరు. కఠిన జలంలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు వేడికి విడివడి లోహంపై పొరగా పేరుకుంటాయి. ఈ పొర ఉష్ణవాహకత పోత ఇనుము ఉష్ణవాహకతలో దాదాపు ఇరవయ్యో వంతు మాత్రమే. పలుచని పొర పేరుకున్నా లైనరు వేడి నీటికి చేరదు. వేడెక్కిన హెడ్ వంగుతుంది, గాస్కెట్ కాలుతుంది, పిస్టన్ పట్టేస్తుంది. రేడియేటరు మూత బలహీనమైతే ఈ ప్రమాదం పెరుగుతుంది. సాధారణ వాతావరణ పీడనంలో నీరు 100 డిగ్రీలకు మరుగుతుంది, మూత 0.5 బార్ అదనపు పీడనాన్ని నిలిపితే సుమారు 111 డిగ్రీల వరకు మరగదు.

రెండవది ధూళి. చల్కా నేలల ఇసుకలో అధికంగా ఉండే క్వార్ట్జ్ కాఠిన్యం మోస్ కొలమానంలో 7. ఇంజను లోహాలు దాని ముందు మెత్తనివే. ఎయిర్ క్లీనరు గొట్టంలో చిన్న చీలిక ఉన్నా, ఆయిల్ బాత్ గిన్నెలో ఆయిల్ తగ్గినా, ఆ ధూళి రింగులకు, లైనర్లకు మధ్య సానరాయిలా పనిచేస్తుంది. పొడి దుక్కి, మొక్కజొన్న నూర్పిడి జరిగే రోజుల్లో గిన్నెను ప్రతిరోజూ పరిశీలించాలి.

విప్పక ముందు నిర్ధారణ

అసాధారణ లక్షణం కనిపించిన వెంటనే ఇంజను ఆపివేయాలి. ఆయిల్ తెల్లబడి ఉంటే తిరిగి స్టార్ట్ చేయరాదు. నీరు కలసిన ఆయిల్ బేరింగులపై పొరగా నిలువదు. ఐదు నిమిషాల నడక క్రాంక్ షాఫ్ట్‌ను పాడుచేయగలదు. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీయరాదు. తదుపరి పరీక్షలు ఈ క్రమంలో చేయాలి.

1. ఆయిల్ మట్టం: మట్టం పెరిగితే నీరుగాని డీజిల్‌గాని చేరినట్లే. కాగితంపై ఒక చుక్క వేస్తే డీజిల్ కలసిన ఆయిల్ త్వరగా పలుచగా వ్యాపిస్తుంది, వాసన తెలుస్తుంది. వేడెక్కిన ఇనుప రేకుపై చుక్క వేసినప్పుడు చిటపటలాడితే నీరు ఉన్నట్లు. ఒక రాత్రి వదిలి డ్రెయిన్ బోల్టును నెమ్మదిగా సడలిస్తే అడుగున చేరిన నీరు ముందుగా వస్తుంది.

2. రేడియేటరు బుడగలు: ఆయిల్ శుభ్రంగా ఉన్నప్పుడు మాత్రమే ఈ పరీక్ష చేయాలి. చల్లని ఇంజనుకు ఫ్యాన్ బెల్టు తీసి, నీరు నిండుగా పోసి, మూత లేకుండా ఒక్క నిమిషం మాత్రమే నడపాలి. ఆగకుండా బుడగలు వస్తే సిలిండరులోని వాయువు గాస్కెట్ గుండా గాని, హెడ్ పగులు గుండా గాని నీటిలోకి వస్తున్నట్లు.

3. పొగ రంగు: వేడెక్కిన తరువాత కూడా తీపి వాసన లేని తెల్లని ఆవిరి వస్తే నీరు, కూలెంట్ పోసిన ఇంజనులో తీపి వాసన ఉంటే కూలెంట్, కళ్లు మండే తెల్లని పొగ అయితే మండని డీజిల్, నీలి పొగ అయితే కాలుతున్న ఆయిల్, భారంపై నల్లపొగ అయితే గాలి కొరత, నాజిల్ లోపం లేదా అధిక భారం.

4. బ్రీదర్ పైపు: ఇక్కడి నుంచి పొగ ఒత్తిడితో వస్తూ, నీలి పొగ కూడా ఉంటే రింగులు, లైనర్లు అరిగినట్లు భావించాలి.

5. సిలిండర్ల పోలిక: ఇంజను నెమ్మదిగా నడుస్తుండగా ఒక్కొక్క నాజిల్ పైపు నట్టును కొద్దిగా సడలించి బిగించాలి. సడలించినప్పుడు శబ్దం, వేగం మారితే ఆ సిలిండరు పనిచేస్తున్నది. మారకపోతే లోపం అక్కడే. డీజిల్ తుంపరకు చేయి అడ్డుపెట్టరాదు. అధిక పీడనంతో వచ్చే డీజిల్ చర్మంలోకి చొచ్చుకుపోతుంది. పైకి చిన్న గాయంలా కనిపించినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

6. శబ్దం: పైభాగంలో తేలికపాటి టకటక ట్యాపెట్ సందు పెరుగుటను సూచిస్తుంది. భారం పడినప్పుడు అడుగు నుంచి బరువైన మోత వస్తూ, ఆయిల్ పీడనం తగ్గితే బేరింగులు దెబ్బతిన్నట్లు. ఇటువంటి ఇంజనును ఇంటివరకైనా నడపరాదు.

సిలిండరులోకి నీరు చేరిందని అనుమానం ఉంటే స్టార్టరు తిప్పరాదు. నీరు సంపీడనం చెందదు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. నాజిళ్లు తీసి, ఇంజనును చేతితో తిప్పి నీటిని బయటికి పంపాలి.

విప్పడం, కొలవడం

కొన్ని ట్రాక్టర్లలో ఆయిల్ ఛాంబరే ముందు భాగపు భారాన్ని మోస్తుంది. కాబట్టి ముందుగా దృఢమైన దిమ్మెలతో ట్రాక్టరుకు రెండు వైపులా ఆధారమివ్వాలి; కేవలం జాకీపై నమ్మకముంచి కిందికి దూరరాదు. విప్పే ప్రతి దశలో ఫోటో తీయాలి. బేరింగు మూతలు, రాడ్లు, పుష్ రాడ్లకు సిలిండరు సంఖ్య, దిశ గుర్తు పెట్టాలి. ఒకదాని మూత మరొకదానికి బిగిస్తే కొత్త బేరింగు కూడా నిలువదు.

భాగాలు కడిగిన తరువాతనే కొలతలు తీసుకోవాలి. హెడ్ ఉపరితలంపై నిటారు పట్టీ నిలిపి, కింద ఫీలర్ గేజి దూర్చి నిలువు, అడ్డం, మూలల దిశల్లో వంపు చూడాలి. లైనరు అంచు బ్లాకు కంటే ఎంత ఎత్తున ఉన్నదో అన్ని సిలిండర్లకు కొలవాలి. ఈ ఎత్తు తగ్గినా, సమానంగా లేకున్నా కొత్త గాస్కెట్ మళ్లీ కాలుతుంది. రింగును లైనరులో సమతలంగా దింపి దాని మూతి సందు చూడాలి. సాధారణ సూత్రంగా 100 మిల్లీమీటర్ల బోరుకు 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్ల సందు ఉంటుంది. అయితే ప్రతి కొలతకూ ఆ ఇంజను నమూనా మాన్యువలే తుది ప్రమాణం.

హెడ్ చదును చేయడం, పగుళ్ల పరీక్ష, క్రాంక్ షాఫ్ట్ గ్రైండింగు లేత్ షాపు పనులు. క్రాంక్ గ్రైండ్ చేయిస్తే 0.25 లేదా 0.50 మిల్లీమీటర్ల అండర్ సైజు బేరింగులు కొనాలి. కొలత చీటీ చేతికి తీసుకున్న తరువాతనే విడిభాగాలు కొనడం మంచిది. డీజిల్ పంపు విప్పడం రైతు పని కాదు. దానికి ప్రత్యేక పరీక్షా యంత్రం అవసరం.

విడిభాగాల లభ్యతను విప్పక ముందే విచారించాలి. ఉదాహరణకు హెచ్ఎంటీ ట్రాక్టర్ల విభాగం మూసివేతకు కేంద్ర ప్రభుత్వం 2016లో ఆమోదం తెలిపింది. అటువంటి ట్రాక్టరు ఉన్నవారు ఇంజను సంఖ్య పలకను చూసి, పాత భాగాన్ని పక్కన పెట్టి పోల్చి కొనాలి.

బిగింపు

మా ఇంజనులో రింగు కూర్చునే చోట తుప్పును శుభ్రపరచి, లోతైన గుంటలను లేత్ షాపులో సరిచేయించి, కొత్త లైనరు, కొత్త రబ్బరు రింగులు వేశాము. రింగు మెలిపడకుండా కూర్చోవాలి. ఛాంబరు బిగించక ముందు రాత్రి నీటి పరీక్ష మళ్లీ చేయాలి. అట్టలు పొడిగా ఉన్న తరువాతనే ముందుకు సాగాలి. మొదటి మరమ్మతులో ఈ ఒక్క రాత్రి లోపించింది.

హెడ్ బోల్టులను మధ్య నుంచి మొదలుపెట్టి అంచుల వైపు, మూడు దఫాలుగా, టార్క్ రెంచితో బిగించాలి. బోల్టు రంధ్రంలో నీరు, ఆయిల్ మిగిలితే రెంచి చూపే బిగింపు అబద్ధమవుతుంది. రంధ్రం అడుగున చేరిన ద్రవం బ్లాకును పగులగొట్టవచ్చు. తరువాత ట్యాపెట్ సందు సరిచేయాలి. స్టాప్ లాగి ఉంచి, ఆయిల్ పీడనం చూపే వరకు స్టార్టరును విరామాలతో తిప్పాలి. అటుపైన ఎయిర్ లాక్ తీసి ఇంజను స్టార్ట్ చేయాలి.

శీతలీకరణ మార్గంలోని పొరను సుమారు 5 శాతం సిట్రిక్ ఆమ్ల ద్రావణంతో కరిగించి, మంచినీటితో పలుమార్లు కడగాలి. డ్రిప్పు గొట్టాలకు వాడే హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని ఇంజనులో పోయరాదు. అది పొరతో పాటు ఇనుమును, అల్యూమినియంను కూడా తింటుంది. ఆపై లవణాలు లేని నీటిలో తుప్పు నిరోధకమున్న కూలెంట్ కలిపి పోయాలి. ఇథిలీన్ గ్లైకాల్ కూలెంట్ తీపిగా ఉండి పశువులకు విషమవుతుంది. దానినిగాని, పాత ఆయిల్‌నుగాని కాలువలో, పశువుల దొడ్డిలో పారబోయరాదు.

నడక, కాలనిర్ణయం

రింగులు, లైనర్లు కొత్తవైతే మొదటి 50 గంటలు ఇంజనును తేలికపాటి నుంచి మధ్యస్థ భారంపై నడిపి, తరువాత ఆయిల్, ఫిల్టరు మార్చాలి. ఎక్కువ సేపు ఖాళీగా తిప్పడమూ మంచిది కాదు. రింగులు సరిగా కూర్చోవు. అందువల్ల మరమ్మతు ముగిసిన మరునాడే దమ్ముకు దించడం తగదు.

ఈ ఒక్క నియమం నుంచే రైతు కాలనిర్ణయం తేలుతుంది. జనవరిలో ఇంజను దెబ్బతింటే మొదట నారు వయస్సు లెక్క చూడాలి. నారు నాటు వయస్సుకు వచ్చి ఉంటే అద్దె ట్రాక్టరుతో దమ్ము పూర్తి చేసి, సొంత ఇంజనును తొందర లేకుండా విప్పాలి. అద్దె ఖర్చు కళ్లకు కనిపిస్తుంది. తొందరపాటు మరమ్మతు నష్టం, ఆలస్యపు నాట్ల నష్టం కోత నాటికి గాని కనిపించవు. మేము ఆ సంవత్సరం మొదటి మరమ్మతును నమ్మి వేచి ఉన్నందున రెండు మడుల నారు ముదిరిపోయింది.

ముగింపు

యాసంగి కోతల తరువాత, వానాకాలం దుక్కులకు ముందు వచ్చే వేసవి విరామం పాత ఇంజను పరీక్షకు అనువైన కాలం. ఆయిల్, బుడగలు, పొగ, బ్రీదర్, సిలిండర్ల పోలిక పరీక్షలకు ఒక ఉదయం చాలును. ఫలితాలను, నడిచిన గంటలను, ఆయిల్ మార్చిన తేదీలను ఒక పుస్తకంలో వ్రాసి ఉంచాలి. భూసార పరీక్షకు మట్టి పంపే రైతు అదే రోజు బోరు నీటి నమూనా కూడా పరీక్షకు ఇచ్చి, ఆ ఫలితాన్ని పొలానికే కాక ట్రాక్టరుకు కూడా వర్తింపజేసుకోవాలి.