షెడ్డులో బ్లూటూత్ రిలే: ఎంతవరకు నమ్మొచ్చు?
ధర్మపురి పట్టు రైతులారా, పెద్ద పురుగులకు 24–25 డిగ్రీల వేడి, 70 శాతం దాకా తేమ కావాలి. బ్లూటూత్ రిలే బిగిస్తే ఫ్యానును, ఫాగర్‌ను ఫోన్‌తోనే వేసి ఆపొచ్చు, నెట్ అక్కర్లేదు. అయితే మామూలు రిలే అందేది సుమారు 10 మీటర్లే, గోడ అడ్డొస్తే ఇంకా తక్కువ. ఫాగర్ వేసి మనం పనిమీద ధర్మపురి టౌనుకు పోతే, ఫోన్ చేతిలోనే ఉన్నా అది ఆగదు. పడక తడిసిందంటే సున్నపుకట్టు రోగానికి దారి ఇచ్చినట్టే. కాబట్టి తేమ చూసి తానే ఆపే కంట్రోలర్‌నో, కనీసం టైమర్‌నో జతచేద్దాం. పురుగులు జ్వరానికి కూర్చున్నాయా? ఫాగర్ కట్టేసి, గాలి ఆడనిచ్చి, పొడి సున్నం చల్లుదాం. రిలే పిన్ 1234 అని ఉంటే ఈరోజే మార్చండి.