టైరు మీది అంకెలు ఏం చెబుతాయి?

ఒక కారు టైరు ప్రక్కన 165/80 ఆర్ 14 అని ఉందనుకోండి. 165 టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. ప్రక్క ఎత్తు అందులో 80 శాతం, అనగా 132 మి.మీ. 'ఆర్' రేడియల్ రకాన్ని తెలుపుతుంది. 14 రిమ్ము వ్యాసం, అంగుళాలలో, అంటే 355.6 మి.మీ. కనుక చక్రం మొత్తం వ్యాసం 355.6 + 132 + 132 = 619.6 మి.మీ.

దీనికి బదులు 185/80 ఆర్ 14 వేస్తే? రిమ్ము వ్యాసం అదే. కాని చక్రం వ్యాసం 651.6 మి.మీ. అవుతుంది. పరిధి సుమారు 5 శాతం పెరుగుతుంది. స్పీడోమీటరు చక్రాల చుట్లను బట్టే వేగం చూపుతుంది. అందుచేత ముల్లు 60 దగ్గర ఉన్నా, కారు గంటకు 63 కి.మీ. పోతుంటుంది! బ్రేకు పడ్డాక కారు ఆగే దూరం వేగపు వర్గాన్ని అనుసరిస్తుంది. అది సుమారు 10 శాతం పెరుగుతుంది. ప్రమాదం అక్కడే ఉంది.

మరి 185/70 ఆర్ 14 సరిపోతుందా? వ్యాసం మీరే లెక్కకట్టి చూడండి. రిమ్ము వెడల్పుకు నప్పుతుందో లేదో కూడా చూడాలని మరువకండి.