నిప్పు వదిలివెళ్లిన గుహలు

మన కాలేజీలో జియాలజీ చదివే రోజుల్లో నాకు గుహలంటే బొర్రా గుహలే. “సున్నపురాయిని నీరు కరిగించగా ఏర్పడినవి” అని రికార్డులో రాసుకున్నాం, మార్కులు తెచ్చుకున్నాం. గుహ అంటే నీరు చేసే పని అన్న అభిప్రాయం అప్పుడే నా బుర్రలో స్థిరపడింది. పై చదువుకు అమెరికా వెళ్లాక, ఉత్తర కాలిఫోర్నియాలోని లావా బెడ్స్ అనేచోట అది సగం నిజమేనని తెలిసింది.

లావా గుహ ఎలా ఏర్పడుతుందో ముందు చూద్దాం. అగ్నిపర్వతం నుంచి వెలువడే బసాల్టు లావా సుమారు 1100 డిగ్రీల సెంటీగ్రేడు వేడితో పారుతుంది. గాలి తగిలిన పైభాగం ముందుగా గడ్డకడుతుంది, కాగిన పాల మీద మీగడ కట్టినట్టు. ఆ పైకప్పు వేడిని బయటికి పోనివ్వదు. కాబట్టి లోపలి లావా చల్లారకుండా మైళ్ల కొద్దీ ప్రవహిస్తుంది. పైనుంచి సరఫరా ఆగిపోగానే లోపలున్నది పల్లానికి జారిపోతుంది. మిగిలిన ఖాళీ గొట్టమే లావా గుహ. హవాయిలోని కజుమురా గుహ ఇలాంటిదే; దాని పొడవు 65 కిలోమీటర్ల పైమాటే.

లావా బెడ్స్‌లో 800కు పైగా గుహలున్నాయి. ఆ ప్రాంతం తరతరాలుగా మోడాక్ జాతివారిది. తర్వాత కాలంలో ఈ గుహలను ఓపికగా గాలించి, చాలావాటికి పేర్లు పెట్టిన జె.డి. హోవర్డ్ ప్రొఫెసరేమీ కాదు, పిండిమర పనివాడు. 1925లో ప్రభుత్వం దానిని జాతీయ స్మారక ప్రాంతంగా ప్రకటించడం వెనుక ఆయన కృషి ఉంది. హాబీ అంటే కాలక్షేపమే కాదనడానికి ఇంతకన్న ఉదాహరణ అక్కరలేదు.

నేనూ, నా రూమ్మేటు తెనాలి మిత్రుడూ ఒక వారాంతం అక్కడికి వెళ్లాం. తలకు హెల్మెట్, మనిషికి మూడు దీపాలు. ఒకటి ఆరితే రెండోది, అదీ ఆరితే మూడోది! ఆఫీసులో ముందుగా అడిగింది, “ఈ బూట్లతో వేరే గుహలకు వెళ్లారా?” అని. 2006లో న్యూయార్క్ రాష్ట్రంలో బయటపడిన ఒక బూజు తెగులు గబ్బిలాలను లక్షల సంఖ్యలో చంపింది. ఆ బూజు మనుషుల బట్టలకూ, బూట్లకూ అంటుకుని గుహ నుంచి గుహకు పోగలదు.

కాటకోంబ్స్ అనే గుహలో కొన్నిచోట్ల పాకుతూ పోవాలి. తొందరలో నా వీపుసంచి పైకప్పుకు తగిలి, వేలెడంత లావా బొట్టు ఒకటి విరిగి పడింది. వేడికి కరిగిన రాయి జారుతూ జారుతూ గడ్డకట్టినది. తీసి జేబులో వేసుకోబోయాను.

“అక్కడ పెట్టెయ్‌రా” అన్నాడు మావాడు.

“ఎలాగూ విరిగింది కదా! మన కాలేజీ మ్యూజియానికి పనికొస్తుంది. ఇక్కడ మళ్లీ పెరుగుతుందిలే.”

“ఇదేమన్నా బొర్రా అనుకున్నావా? అక్కడ నీళ్లు ఇంకా కారుతున్నాయి, చుక్క చుక్కకీ పెరుగుతుంది. ఇక్కడ నిప్పు ఆరిపోయి వేల ఏళ్లయింది. ఎవడు పెంచుతాడు?”

జియాలజీ చదివింది నేను, వాడిది ఎలక్ట్రికల్! ఆ ముక్కను పడినచోటే పెట్టి, బయటికొచ్చాక ఆఫీసులో జరిగింది చెప్పాను. వాళ్లు కోప్పడలేదు. ఎక్కడో గుర్తు చెప్పమని రాసుకున్నారు. కోప్పడి ఉంటేనే నయమనిపించింది.

విద్యార్థి మిత్రులకు ఒక మాట. 2009లో జపాను వారి కగుయా నౌక తీసిన చిత్రాల్లో చంద్రుడి మీద లోతైన గొయ్యి ఒకటి కనబడింది. దాని కింద లావా గుహ ఉండవచ్చని శాస్త్రజ్ఞుల ఊహ. అంత దూరం పోలేకపోయినా బాధలేదు, మనకు బెలుం ఉంది. 1884లో రాబర్ట్ బ్రూస్ ఫుట్ దాన్ని గుర్తించినా, 1982-83లో జర్మన్ బృందం వచ్చి వివరంగా పరిశీలించేదాకా మనం పెద్దగా పట్టించుకోలేదు. వెళ్లండి, కొలవండి, పటం గీయండి. గోడల మీద మాత్రం పేర్లు గీయకండి. బొర్రాలో ఒక మూల నా పొడి అక్షరాలు రెండున్నాయి. వాటి మీద సున్నపు పొర పేరుకుని కప్పేయడానికి ఎన్ని వందల ఏళ్లు పడుతుందో లెక్క వేయగల చదువు ఇదే కాలేజీలో చదివాను.